ఐదో కుర్చీ తోడు

"ముక్కు చీదండి," అంది నూకరత్నం. "రెండో పక్క కూడా. గట్టిగా వద్దు, మామూలుగా చాలు."

ఐదో కుర్చీలో కూర్చున్న రిటైరైన పంతులమ్మ బుద్ధిగా చీదింది. నూకరత్నం కుర్చీ వీపును నలభై ఐదు డిగ్రీలకు వాల్చి, తుంపర గొట్టాన్ని ఆవిడ చేతికిచ్చింది. తుంపర ఎవరికి వారే కొట్టుకోవాలి, తోడు మనిషి తాకకూడదు. ఎడమ ముక్కులో ఒకసారి, కుడి ముక్కులో ఒకసారి. తరవాత తల వంచకూడదు, గొంతులోకి దిగిన చేదును మింగి ఊరుకోవాలి. ఐదు నిమిషాలాగి రెండో గొట్టం. అదీ అయ్యాక నూకరత్నం ఆవిడ జబ్బకు పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. కుర్చీ చేతికున్న పలక మీద ఏడూ పదమూడు అని పడింది. ఇక్కణ్ణించి సరిగ్గా రెండు గంటలు.

పదకొండేళ్ళుగా నూకరత్నం చేస్తున్న ఉద్యోగం ఇదే, పక్కన కూర్చోవడం. వినడానికి ఎంత సుఖం! చేసి చూస్తే తెలుస్తుంది. నిద్రపోకూడదు, చదువుకోకూడదు, ఫోను చూడకూడదు. ఎదుటి మనిషి తనలోంచి తాను బయటికి తేలిపోయి, చెయ్యి తనది కాదంటూ బిక్కమొహం వేస్తే, "ఇక్కడే ఉన్నాను, కాసేపట్లో తగ్గిపోతుంది" అని చెప్పాలి. నలభయ్యో నిమిషంలో మళ్ళీ రక్తపోటు చూడాలి. అలా తేలే సమయాన్ని తేలువేళ అంటారు, అది గడిచాక నోరు విప్పకూడదు. చివర్లో ఐదు ప్రశ్నలు అడగాలి. రోజుకు నలుగురు మనుషులు, ఎనిమిది గంటలు. సాయంత్రానికి నూకరత్నం మోకాళ్ళు వాచిపోయేవి, మాట్లాడాలంటే విసుగొచ్చేది. ఇంటికెళ్ళి మంచం మీద పడితే ఎవరూ ఏమీ అడక్కుండా ఉంటే చాలనిపించేది.

ఇక్కడికొచ్చేవాళ్ళని కాగితాల్లో 'లొంగనివారు' అంటారు, వాళ్ళేదో తిరగబడ్డట్టు. పాపం, వాళ్ళు దేనికీ తిరగబడలేదు. రెండు రకాలో నాలుగు రకాలో మాత్రలు నెలల తరబడి మింగినా, పొద్దున్నే మంచం మీంచి కాలు కింద పెట్టలేకపోయినవాళ్ళు. తప్పు మాత్రలదైతే పేరు మాత్రం వీళ్ళకు పెట్టారు.

గోడ కట్టిన పదమూడో ఏడది. సముద్రానికీ విశాఖకూ మధ్య గోడ లేచింది గానీ, అది లేచేలోపు పోవాల్సిన వీధులు పోయాయి. ఆ వీధుల మనుషులంతా పెందుర్తి అవతల రేకుల కాలనీల్లో సర్దుకున్నారు. కొందరికి సర్దుకోవడం కుదర్లేదు. తుంపర కేంద్రాలు పుట్టింది వాళ్ళ కోసమే. ఈ నాలుగో కేంద్రంలో పన్నెండు కుర్చీలున్నాయి, బయట వరుసలో నాలుగువేల రెండు వందల మంది ఉన్నారు. ఒక కుర్చీ ఖాళీ అయితే గానీ ఒక పేరు లోపలికి రాదు.

ఎదుటి గోడ మీద మనిషెత్తు అక్షరాలు: ఎవరి మనసుకు వారే సాక్షి. మొదట్లో అలా ఉండేది కాదట. ఎవరు కోలుకున్నారో, ఎవరు లేదో గొంతునీ మొహాన్నీ చూసి పలకల వెనకున్న యంత్రం, తూనికే తేల్చేసేది. పుట్టుకతోనే నవ్వుమొహం ఉన్న ఒక మనిషిని అది మూడుసార్లు ఇంటికి పంపేసింది. ఆ గొడవ కోర్టుదాకా పోయి, అప్పట్నించీ తూనిక మొహాలు చూడ్డం మానేసింది. మనిషి తన నోటితో తన గురించి చెప్పిన మాటనే తూస్తుంది. ఆ మాట కూడా ఓ తోడు మనిషి ఎదుట చెప్పినదై ఉండాలి, తోడు లేని మాట చెల్లదు. వందకు డెబ్బై దాటిన మాట వరుసగా ఆరు కూర్చోడాల్లో చెబితే, ఆ మనిషి గట్టెక్కినట్టు. తుంపర ఆగుతుంది, కుర్చీ ఖాళీ అవుతుంది.

తొమ్మిదీ పదమూడుకు నూకరత్నం ఐదు ప్రశ్నలూ అడిగింది. నిద్ర పట్టిందా, తిన్నారా, నిన్న మీకేదైనా అనిపించిందా, రేపు చెయ్యాలనుకున్న పని ఏమైనా ఉందా, ఇప్పుడెలా ఉంది. పంతులమ్మ చివరి ప్రశ్నకు నూకరత్నం మొహంలోకి చూసి, "తేలిగ్గా ఉందమ్మా" అంది. పలక మీద డెబ్బై నాలుగు పడింది. దాని కింద ఎప్పట్లాగే 'తోడు మాట: ఉంది / లేదు' అని వచ్చింది. నూకరత్నం 'లేదు' నొక్కింది. పదకొండేళ్ళలో ఆమె 'ఉంది' నొక్కింది లేదు. ఎవరూ నొక్కరు. ఎదుటివాడి మనసు గురించి వాడు చెప్పాక నువ్వెవరివి చెప్పడానికి?

పంతులమ్మను ఆటో దాకా దిగబెట్టి వచ్చేసరికి కేంద్రం నిర్వాహకుడు కిరీటి ఆమె కోసం చూస్తున్నాడు. రాజమండ్రి వైపు కుర్రాడు, ముప్పై రెండేళ్ళుంటాయి. అతని కళ్ళకింద నలుపు చూస్తే వరుసలో నిలబెట్టాలనిపిస్తుంది. తన చేతిలోని రెండు టీ గ్లాసుల్లో ఒకటి ఆమెకిచ్చాడు.

సాయంత్రం తోడుల కొత్త జాబితా వస్తుందని చెప్పాడు. ఐదో కుర్చీ వరుసగా నలభై మందిని గట్టెక్కించిందనీ, జిల్లాలో ఇంకే కుర్చీకీ ఇరవై దాటలేదనీ, పైవాళ్ళు ఆమె పేరు అడిగి మరీ రాసుకున్నారనీ చెప్పాడు. మధ్యాహ్నం ఆమె కుర్చీలోనే గౌరునాయుడుకి ఆరో కూర్చోడం. అదీ డెబ్బై దాటితే నలభై ఒకటి. ఆమెను కొత్త తోడులకు నేర్పే పనిలోకి తీసుకుంటారు, నీడపట్టున, ఫ్యాను కింద, గోడకు ఆనుకుని కూర్చునే పని.

"మీ మోకాళ్ళకి ఇంక విశ్రాంతేనండీ," అన్నాడు కిరీటి. "మీరేం చేస్తారో గానీ, మీ కుర్చీలో కూర్చున్నవాళ్ళందరికీ నయమైపోద్ది."

నూకరత్నం టీ తాగింది. ఆమెకు సంతోషంగానే ఉంది, కాదనడం దేనికి? అంకెలు పడిపోయిన తోడులను ఎండపనికి పంపుతారు. రేకుల కాలనీల్లో గుమ్మం గుమ్మానికీ తిరిగి, మంచం దిగనివాళ్ళు ఎవరున్నారో చూసి పేర్లు రాసుకోవాలి. పదకొండు నుంచి నాలుగు దాకా ఊళ్ళో మనిషన్నవాడు బయట తిరగకూడదని నిషేధం ఉంది గానీ, ఎండపని వాళ్ళకు అది వర్తించదు. ఆ సమయంలోనే అందరూ ఇళ్ళలో దొరుకుతారట. నూకరత్నం చేరిన కొత్తలో, తోడు కాకముందు, ఏడాది ఆ పని చేసింది. ఒక వేసవిలో మంగళపాలెం దగ్గర కళ్ళు తిరిగి పడిపోతే, ఎవరి పేరు రాసుకోడానికి వెళ్ళిందో ఆ మనిషే మంచం దిగొచ్చి ఆమె మొహాన నీళ్ళు కొట్టింది. కేంద్రంలో అందరూ ఈ కథ చెప్పుకుని నవ్వుతారు. వరుసలో ఉన్నవాళ్ళకు కూడా తెలుసు.

"నేనేమీ చెయ్యను బాబూ, కూకుంటాను," అంది కిరీటితో.

ఒంటిగంటకు గౌరునాయుడు వచ్చాడు. పదిన్నర బస్సుకే వచ్చి, వరుసలో ఉన్నవాళ్ళు కాచుకునే షెడ్డులో కూర్చున్నట్టున్నాడు, చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. అరవై మూడేళ్ళ మనిషి. ఇరవై ఏడేళ్ళు క్రేను నడిపాడు, మొదట రేవులోనూ, తరవాత గోడ మీదా. గోడకు ఆఖరి రాయి ఎత్తింది ఆయనే. ఆ రాయి దించాక క్రేను గదిలోనే తొమ్మిది గంటలు కూర్చుండిపోయాడు. ఎంత పిలిచినా దిగలేదు. దిగాక కూడా దిగినట్టు లేదని కోడలు కేంద్రంలో చెప్పింది. నాలుగు రకాల మాత్రలూ అయ్యాకే ఇక్కడికొచ్చాడు.

నూకరత్నానికి ఈయనంటే ప్రత్యేకమైన అభిమానం. మూడో కూర్చోడంలో "నిన్న మీకేదైనా అనిపించిందా" అని అడిగితే చాలాసేపు ఆలోచించి, కూరలో ఉప్పు తక్కువైందని కోపమొచ్చిందన్నాడు. ఇన్నేళ్ళ తరవాత ఆ మనిషికి కోపమొచ్చింది! ఆ రోజు నూకరత్నం ఇంటికెళ్ళి రెండు గరిటెలు ఎక్కువ తింది. తుంపర పని చేస్తోందని ఆమె తన కళ్ళతో చూసింది. ఇంకా సగమే అయింది, ఇంకో నాలుగు నెలలైనా కావాలని కూడా చూసింది. ఆపితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

కుర్చీలో కూర్చునే ముందు నాయుడు గుడ్డసంచీలోంచి ఒక ఫ్లాస్కు తీసి ఆమె చేతిలో పెట్టాడు. నీలం రంగు స్టీలు ఫ్లాస్కు, ఒకవైపు నొక్కుకుపోయి ఉంది. ఇరవై ఏడేళ్ళూ క్రేను గదిలోకి టీ మోసింది అదే. ప్రతిసారీ దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చునేవాడు. ఒకసారి కిరీటి పక్కన పెడతానని తీయబోతే ఊరుకోలేదు.

"ఉంచుకో అమ్మా," అన్నాడు. "నాకింక దీంతో పనేటుంది."

పదకొండేళ్ళు తోడుగా కూర్చున్న మనిషికి కొన్ని విషయాలు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇన్నాళ్ళూ విడవని వస్తువును మనిషి నవ్వుతూ ఇచ్చేస్తున్నాడంటే, ముందు రోజుల్లో తానుంటానని అనుకోవడం లేదు. ఆమెకు భయమేసింది. ఆ భయాన్ని రాయడానికి పలకలో చోటు లేదు. అక్కడ మనిషి నోటిమాటకే చోటు.

ముక్కు చీదమంది. కుర్చీ వాల్చింది. ఎడమ, కుడి, ఐదు నిమిషాలు, మళ్ళీ ఎడమ, కుడి. నాయుడు కళ్ళు మూసుకున్నాడు. పావుగంటకు ఆయన వేళ్ళు కుర్చీ చేతి మీద మెల్లగా కదిలాయి, క్రేను మీటలు కదిపినట్టు. తేలువేళ మొదలైంది.

"రత్నమ్మా, ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నాను బాబాయ్."

"ఇప్పుడు సెప్పింది లెక్కలోకి రాదు గదా?"

రాదని చెప్పింది నూకరత్నం. తేలువేళ మాటలను తూనిక వినదు, అది కూడా కోర్టు చెప్పిందే.

"అయితే ఒకటి సెప్తాను. ఐదో కుర్చీలో కూకున్నోలు తేలిగ్గా ఉందనే అనాల. షెడ్డులో అందరికీ తెలుసు. కొత్తోలొస్తే పాతోలు సెప్తారు. నాకు సన్యాసమ్మ సెప్పింది. మనం బాగులేదంటే ఆ పిల్లని మళ్ళీ ఎండలోకి తోలీస్తారు, పడిపోద్ది. మనకెలాగూ బాగవదు, ఆ పిల్లయినా నీడపట్టున ఉండనీ అంది."

ఆ పిల్లకు, నూకరత్నానికి, నలభై ఆరేళ్ళు. సన్యాసమ్మ గట్టెక్కింది కదా అని అడిగింది. సన్యాసమ్మ చేపల మార్కెట్టు మునిగినప్పుడు కొట్టుతో పాటు మాటలు కూడా పోగొట్టుకున్న మనిషి. ఆరో కూర్చోడంలో ఆవిడకు ఎనభై ఒకటి పడింది. ఆ రోజు నూకరత్నం మిఠాయి పంచింది.

"గట్టెక్కి మూన్నెల్లు బాగానే ఉంది," అన్నాడు నాయుడు కళ్ళు తెరవకుండా. "ఇప్పుడు మళ్ళీ వరసలో ఉంది, నాలుగువేలకి అవతల. నువ్వటు ఒస్తే తడిక ఎనక్కి ఎల్లిపోతాది. తనని సూస్తే నువ్వు బాధపడతావనీసి."

నలభయ్యో నిమిషంలో పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. నాయుడుది మామూలుగానే ఉంది. తనది చూసుకుంటే ఎంతుండేదో.

తేలువేళ గడిచింది. ఇంక మాట్లాడకూడదు. గంటా ఇరవై నిమిషాలు నూకరత్నం ఆ ఫ్లాస్కును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తనకిదంతా తెలియదని అనకూడదు, సగం తెలుసు. నలభై మంది, అందులో మేస్త్రీలున్నారు, పంతులమ్మలున్నారు, పడవలవాళ్ళున్నారు. ఇంతమందీ చివరి ప్రశ్నకు అదే మాట, తేలిగ్గా ఉందమ్మా అని. అడిగిన మనిషిని నొప్పించకుండా జవాబు చెప్పడం ఈ ఊరివాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. జ్వరంతో మూలుగుతున్నవాడు కూడా పలకరించడానికొచ్చిన మనిషి ఎండనబడి వచ్చిందని, బాగానే ఉందని చెప్పి మంచినీళ్ళిమ్మంటాడు. నూకరత్నం ఇది చిన్నప్పట్నించీ చూస్తున్నదే. తూనికకు తెలియదు. ఆమెకు తెలిసీ, అంకె బాగుంది కదా అని ఊరుకుంది. అలసిపోయి ఉంది, మోకాళ్ళు నొప్పులు, ఊరుకుంది.

అందరూ అబద్ధమే చెప్పారా అంటే అదీ కాదు. తుంపరతో నిజంగా లేచి నిలబడ్డవాళ్ళు ఆ నలభైలో సగానికి పైగా ఉంటారు. కాలనీ నీళ్ళ టాంకు దగ్గర వాళ్ళను చూస్తుంటుంది, బిందెల కోసం పోట్లాడుకుంటూ ఉంటారు. కానీ ఎవరెవరు? అదే తెలియదు. మందు ఎవరికి పనిచేసిందో, మర్యాద ఎవరి చేత మాట్లాడించిందో విడదీసే దారి ఆమె తన చేతులతోనే మూసేసింది. ఆమెకు తన మీద తనకు అసహ్యం వేసింది.

ఇంకో పది నిమిషాలుందనగా నిబంధన తప్పి, పక్క కుర్చీకి వినపడకుండా నాయుడు మీదికి వంగింది.

"బాబాయ్, నన్ను ఎండలోకి పంపితే పంపనీ. నాకేమీ అయిపోదు. నువ్వు నిజం చెప్పు."

నాయుడు ఆమె వైపు చూశాడు. మత్తు వదిలిపోయిన కళ్ళు, నిండా దయ ఉంది.

"నిజమే సెప్తానమ్మా," అన్నాడు.

మూడూ తొమ్మిదికి పలక వెలిగింది. నూకరత్నం ఒక్కో ప్రశ్నే అడిగింది. నిద్ర పట్టిందన్నాడు. తిన్నానన్నాడు. నిన్న కోడలి పిల్లాడు పాకుతుంటే ముచ్చటేసిందన్నాడు. రేపు చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయన్నాడు. చివరికి ఇప్పుడెలా ఉంది అని అడిగింది.

"తేలిగ్గా ఉందమ్మా," అన్నాడు గౌరునాయుడు.

ఎనభై రెండు. ఆకుపచ్చ అక్షరాల్లో 'గట్టెక్కారు' అని పడింది. కింద, తోడు మాట: ఉంది / లేదు.

'ఉంది' నొక్కి ఈయన చెప్పింది నిజం కాదని రాస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మనిషి మాటకు తోడు మాట ఎదురు నిలబడదు. ఎవరి మనసుకు వారే సాక్షి. పైగా తప్పుమాట చెప్పాడని నాయుడు పేరే వరుసలోంచి తీసేస్తారు. ఆ దారి లేదు.

ఇంకో దారి ఉంది. ఆ గడికి అడుగున సన్నటి అక్షరాల్లో ఒక గీత: 'ఈ కుర్చీకి నేను తోడుగా చెల్లను'. జ్వరమొస్తే నొక్కేది. కిందటేడు రెండో కుర్చీ తోడు మధ్యాహ్నం వేళ వణికిపోతూ నొక్కింది. ఎప్పటి నుంచి అని పలక అడిగితే, పొద్దుటి నుంచీ ఒళ్ళు బాగాలేదు కాబట్టి పొద్దుటి నుంచి అని రాసింది. ఆ రోజు ఆవిడ ఎదుట ముగ్గురు చెప్పిన మాటలూ చెల్లకుండా పోయాయి. ముగ్గురికీ మళ్ళీ కుర్చీ ఇవ్వాల్సొచ్చింది. తోడు లేని మాట చెల్లదు కదా. ఎప్పటి నుంచి అనే గడికి హద్దు పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఎన్ని రోజులని జ్వరంతో పనికొస్తుంది ఎవరైనా?

నూకరత్నం ఆ గీత మీద వేలు పెట్టి ఆగింది. బయట నాలుగువేల రెండు వందల మంది ఉన్నారు. నలభై ఒక్క మందికి మళ్ళీ కుర్చీ అంటే, అంతమందీ అన్ని నెలలు వెనక్కి జరుగుతారు. వాళ్ళలో ఎవరి ఒళ్ళో ఏ ఫ్లాస్కు ఉందో ఆమెకు తెలియదు. ఆమె దగ్గర ఉన్నదల్లా ఎదురుగా కూర్చున్న ఒక మనిషి. ఆయన అప్పుడే చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటున్నాడు.

గీత నొక్కింది. ఎప్పటి నుంచి అని అడిగింది పలక. ఎండపని నుంచి తిరిగొచ్చిన ఏడాది కాదు, ఐదో కుర్చీలో మొదటిసారి 'తేలిగ్గా ఉందమ్మా' విన్న రోజు వేసింది. రెండేళ్ళ రెండు నెలల కిందటి తారీకు. కారణం అడిగింది. నూకరత్నం టైపు చెయ్యడంలో నిదానం, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది: వీళ్ళు నన్ను చూసి జాలిపడి చెప్పారు. నా ఎదుట కాకుండా ఇంకొకరి ఎదుట మళ్ళీ అడగండి.

'నలభై ఒక్క మంది మాటలు చెల్లకుండా పోతాయి. సరేనా?'

సరేనంది.

హాల్లో పన్నెండు పలకలూ ఒక్కసారి తెల్లబోయాయి. రేపటి కుర్చీలు, ఎల్లుండి కుర్చీలు, వచ్చే ఏడాది వరుస అన్నీ తూనిక మొదటినుంచీ లెక్క వేసుకోవడం మొదలెట్టింది. తోడులంతా తలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు. కిరీటి చెప్పుల చప్పుడు మెట్ల మీంచే వినపడింది.

అతను అరవలేదు. నూకరత్నం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పొరపాటున నొక్కానని ఒక్క మాట అనమన్నాడు. వెనక్కి తీసుకునే అధికారం తనకు పావుగంట దాకా ఉందనీ, సాయంత్రం జాబితా రాబోతోందనీ, పైవాళ్ళకు తానేం చెప్పుకోవాలనీ అన్నాడు. అతని గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ వినపడింది.

"పొరపాటు కాదు బాబూ," అంది నూకరత్నం. "మీరు అడగండి ఈయన్ని. మందింకా ఒంట్లో ఉంది, ఇప్పుడడిగితే చెల్లుతాది. నేను బయటికి పోతాను."

కిరీటి ఆమె ఒళ్ళో ఉన్న ఫ్లాస్కును చూశాడు. ఒకసారి దాన్ని తీసి పక్కన పెట్టబోయిన మనిషి అతను. లేచి, ఆమె ఖాళీ చేసిన తోడు స్టూలు మీద కూర్చుని, తన వేలు పలక మీద పెట్టాడు. తోడు మారినట్టు పలక రాసుకుంది.

నూకరత్నం ఫ్లాస్కు పట్టుకుని తలుపు దాకా నడిచింది. బయట మూడున్నర ఎండ రేకుల మీద కొడుతోంది, నిషేధం ఇంకా అరగంట ఉంది. రేపటి నుంచి ఈ వేళకు తనెక్కడుంటుందో ఆమెకు తెలుసు. తలుపు తియ్యలేదు. ముఖం తలుపు వైపే పెట్టి నిలబడింది, వెనక్కి తిరిగితే ఆయన తన మొహం చూసి మళ్ళీ అదే మాట అనేస్తాడని.

కిరీటి నాలుగు ప్రశ్నలూ అడగడం వినపడింది. జవాబులు వినపడలేదు. తరవాత ఐదోది.

"ఇప్పుడెలా ఉందండీ?"

గడువు దాటిందని పలక ఒకసారి మోగింది. కిరీటి మళ్ళీ అడిగాడు. మళ్ళీ మోగింది. మూడోసారి అడగడానికి నిబంధన ఒప్పుకోదు. కిరీటి అడిగాడు.

"బాగులేదు బాబూ," అన్నాడు గౌరునాయుడు. "ఏటీ బాగులేదు. ఆ పైనుంచి నేనింకా దిగలేదు."

అని ఏడ్చాడు. అరవై మూడేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా నోరు తెరిచి ఏడ్చాడు. నూకరత్నానికి కూడా కళ్ళ నీళ్ళు కారాయి గానీ తిరగలేదు. పంతొమ్మిది అని కిరీటి చదవడం వినపడింది. ఎనిమిది వారాల పాటు కుర్చీ ఈయనకే, వారానికి రెండుసార్లు, ఇంటికి ఒంటరిగా పంపకూడదు, ఈ పూటే డాక్టరుకు చూపించాలి. పలక మీద వచ్చిన వరుసలన్నీ అతను పైకే చదివాడు. ఎనిమిదో కుర్చీ తోడు, ముప్పై ఏళ్ళ పిల్ల, తన పలక మీద 'తోడు మాట' దగ్గర వేలు పెట్టి కదలకుండా ఉండిపోయింది. ఆ కుర్చీ మీదున్నాయన కూడా ఇందాకే 'పర్లేదమ్మా' అన్నాడు.

వెనకనుంచి అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. కిరీటి ఆయన్ని నడిపించుకొస్తున్నాడు. నాయుడు నూకరత్నం పక్కన ఆగాడు, ముక్కు చీదుకున్నాడు. ఆమె మొహం చూడలేదు. కోపంగా ఉన్నాడని ఆమెకు తెలిసింది, ఉండాల్సిందే.

"ఎండలోకి తోలీస్తారు నిన్ను," అన్నాడు.

"తోలనీ."

నాయుడు చెయ్యి చాపాడు.

"నా ఫ్లాస్కు ఇలాగిచ్చీ అమ్మా," అన్నాడు. "శుక్కురారం మళ్ళీ రావాల గదా."